కొల్లేరును బోర్డు మీదికి తెస్తే: పర్యావరణ ఆటల రూపకల్పనలో అసలు చిక్కులు

పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే బడుల్లో ఒక ఆట బయటికి వస్తుంది. వైకుంఠపాళి పటం తీసుకుని పాము నోటి దగ్గర "చెట్టు నరికావు", "ప్లాస్టిక్ సంచి పారేశావు" అనీ, నిచ్చెన అడుగున "మొక్క నాటావు", "సైకిల్ మీద బడికి వచ్చావు" అనీ రాస్తారు. పిల్లలు పాచిక వేస్తారు, ఎక్కుతారు, జారుతారు, గోల చేస్తారు. ఆట సరదాగానే ఉంటుంది కానీ అందులో పర్యావరణం ఉండదు. చెట్టు నరికింది ఆడే పిల్ల కాదు, పాచిక. నరకాలా వద్దా అని ఆ పిల్ల క్షణం కూడా ఆలోచించలేదు. నరికినందువల్ల పక్కన కూర్చున్నవాడికి ఏ నష్టమూ రాలేదు, నాలుగు వంతుల తర్వాత తిరిగి తనకూ ఏమీ తగల్లేదు. పాపపుణ్యాల గురించి, విధి గురించి చెప్పడానికి ఆ పటం చక్కగా సరిపోతుంది, ఎందుకంటే పాచిక చేసే పని విధి చేసే పనే. చేప ఎందుకు తగ్గిందో, వరద ఈ ఊరి మీదికే ఎందుకు వచ్చిందో చెప్పడం దాని వల్ల కాదు.

ఆట నేర్పేది కార్డు మీద అచ్చేసిన వాక్యంతో కాదు, నియమంతో. ఆడేవాడు తన చేతులతో ఏం చేశాడు, చేస్తే ఏమైంది, అయినదాన్ని చూసి మళ్లీ ఏం చేశాడు అన్నదే మనసులో నిలుస్తుంది. దీనికి పాత సాక్ష్యం అమెరికాలో ఉంది. భూమి కొందరి చేతుల్లో పోగుపడితే మిగతావాళ్లు అద్దెలు కట్టలేక ఎలా దివాలా తీస్తారో చూపించాలని ఎలిజబెత్ మేగీ అనే ఆవిడ ఒక ఆట తయారుచేసి 1904లో పేటెంట్ పొందింది. అదే చేతులు మారి, చివరికి మోనోపలీగా ప్రపంచమంతా పాకింది. ఆవిడ ఇవ్వదలచిన హెచ్చరికను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఎదుటివాణ్ణి దివాలా తీయించడంలోని మజా మాత్రం అందరికీ అబ్బింది. రూపకర్త ఉద్దేశం ఒకటి, గెలుపు నియమం మరొకటి అయినప్పుడు నెగ్గేది గెలుపు నియమమే.

మన పులి-మేక ఆటను ఇదే కంటితో చూడవచ్చు. మూడు పులులు, పదిహేను మేకలు. వేటగాడు, వేట, అడవి అన్నీ ఉన్నట్టే ఉంటుంది. కానీ ఆ పులికి ఆకలి లేదు. ఎన్ని ఎత్తులు తినకపోయినా చావదు. మేకలు ఈనవు. అది ముట్టడి ఆట, వ్యూహానికి అద్భుతమైన ఆట, జీవావరణానికి మాత్రం కాదు. రెండు నియమాలు చేర్చి చూడండి: మూడు ఎత్తుల్లో ఒక్క మేకనూ పట్టని పులి చనిపోతుంది, మేక పక్కన ఖాళీ గడి మిగిలితే అక్కడ పిల్ల మేక పుడుతుంది. వెంటనే ఆట స్వభావం మారిపోతుంది. తిండిపోతు పులి మేకలన్నీ తిని తానూ పోతుంది. పులి తగ్గితే మేకలు పెరుగుతాయి, మేకలు పెరిగితే మిగిలిన పులి కోలుకుంటుంది. లోట్కా, వోల్టెర్రా అనే శాస్త్రవేత్తలు 1920ల్లో సమీకరణాలతో చెప్పిన ఊగిసలాట ఇదే. అయితే పందెం ఆటగా ఇది చప్పబడుతుంది, గెలిచింది ఎవరో చెప్పలేం. జీవావరణానికి దగ్గరగా జరిగిన కొద్దీ ఆట పట్టు సడలడం, పట్టు బిగించిన కొద్దీ జీవావరణం పలచబడడం ఈ పనిలో ఎప్పుడూ ఉండే గుంజాటన. దాన్ని ఊరికే సిద్ధాంతంగా మాట్లాడుకోకుండా, ఒక నిజమైన చోటు తీసుకుని ఆట కట్టి చూస్తేనే తేలుతుంది. తెలుగు పాఠకులకు కొల్లేరు కంటే మంచి చోటు దొరకదు.

కాంటూరు గీతలే పటం

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏర్లు, పొలాల మురుగు కాలవలు నీటిని తెచ్చి పోస్తాయి. ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు పారి ఆ నీటిని బంగాళాఖాతంలో కలుపుతుంది. లోతు చాలా తక్కువ, చాలాచోట్ల మనిషి నిలబడితే నడుము దాటదు. కాబట్టి నీరు అడుగు పెరిగితే సరస్సు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. సముద్రమట్టానికి 3 అడుగుల ఎత్తు గీత (కాంటూరు) లోపల సుమారు 135 చదరపు కిలోమీటర్లు, 5 అడుగుల గీత లోపల 308, 10 అడుగుల గీత దాకా పోతే 900. అక్కడివాళ్లు "ప్లస్ త్రీ", "ప్లస్ ఫైవ్" అని మాట్లాడుకునేది ఈ గీతల గురించే. 1999లో ప్లస్ ఫైవ్ లోపలి ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది.

ఇంత చరిత్ర, ఇంత రాజకీయం మూడు గీతల్లో ఇమిడి ఉన్నప్పుడు పటం ఎలా ఉండాలన్న ప్రశ్నే రాదు. ఒకదానిలో ఒకటి మూడు వలయాలు, పైనుంచి వచ్చే మూడు ఏర్లు, కిందికి పోయే ఒక ఉప్పుటేరు. ఈ వలయాలను గడులుగా కోస్తే ఎండాకాలంలో ఏది నేలో, వానాకాలంలో ఏది నీరో పటమే చూపిస్తుంది. నిజానికి కొల్లేరు తగాదాల్లో సగం ఇక్కడే పుట్టాయి. ఆరు నెలలు నీరు, ఆరు నెలలు నేలగా ఉండే చోటు ఎవరిది? పట్టా ఉన్న రైతుదా, వలేసుకునేవాడిదా, కొంగదా? ఆడేవాళ్లకు ఈ ప్రశ్న రెండో వానాకాలానికే ఎదురవ్వాలి, ఎవరూ ఉపన్యాసం చెప్పకుండా.

నీటిని కదిలించడానికి కొత్త పద్ధతి కనిపెట్టనక్కర్లేదు. వామనగుంటలు ఆట ఉంది. ఒక గుంటలోని గింజలన్నీ తీసి, తర్వాతి గుంటల్లో ఒక్కోటి చొప్పున వదులుకుంటూ పోవడమే దాని ప్రాణం. అది అచ్చంగా నీటి నడకే. పై ఏర్ల గుంటల్లో వాన కార్డు చెప్పినన్ని నీలం పూసలు వేసి, కిందికి పంచుకుంటూ వస్తే చివరి పూస ఉప్పుటేరులో పడాలి. దారిలో ఎవరైనా చేపల చెరువుకు కట్ట పోసి ఉంటే ఆ గడిలో పూస వేయడం కుదరదు. అప్పుడది ఎగువ గుంటలోనే ఉండిపోతుంది. ఎగువ గుంటలో అయిదు పూసలు దాటితే ఆ పక్క వరి పొలం మునిగినట్టు. ఇక్కడ ముఖ్యమైన సంగతి: కట్ట పోసిన ఆటగాడికి ఏమీ కాదు. మునిగేది బోర్డుకు ఆ చివర కూర్చున్న రైతు. మొదటి ఏడాది ఆ రైతు వానను తిడతాడు. ఎవరి కట్ట దగ్గర పూస ఆగిందో లెక్కపెట్టుకుంటూ వెనక్కి రావడం రెండో మూడో ఏటికి గానీ మొదలవ్వదు. ఆ వెనక్కి నడకే ఆట నేర్పాల్సిన నైపుణ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు నగరవాసులు వేసుకున్న ప్రశ్నా ఇలాంటిదే: ఈ నీరు పోవాల్సిన దారి ఎక్కడ, అక్కడ ఇప్పుడు ఏముంది? బుడమేరు చివరికి చేరాల్సింది కొల్లేటికే.

వేసవిలో ఇదే దారి తిరగబడుతుంది. సరస్సులో నీరు తగ్గినప్పుడు సముద్రపు ఉప్పు ఉప్పుటేరు మీదుగా పైకి ఎగదన్నుతుంది. ఆటలో దీనికి ఒక్క వాక్యం చాలు: లోపలి వలయంలో నాలుగు పూసల కంటే తక్కువ మిగిలితే ఉప్పు గుర్తును ఒక గడి పైకి జరపండి.

కనబడని చేప, ఆలస్యంగా వచ్చే ఫలితం

చేపల దగ్గర రూపకర్తలు తరచూ చేసే పొరపాటు, చేపలన్నిటినీ బోర్డు మీద కనబడేలా పెట్టడం. పన్నెండు బొమ్మలు కనబడుతుంటే ఎన్ని పట్టాలో ఎవరికైనా తెలుస్తుంది. ఏ సరస్సులోనూ మనిషికి ఆ సౌకర్యం లేదు. కనుక చేపలు సంచిలో ఉండాలి. మొత్తం 24 చింతపిక్కలు. మామూలు నల్ల పిక్క అంటే చేప, ఒకవైపు అరగదీసి తెల్లగా చేసింది అంటే ఖాళీ వల. పిల్లలు అష్టాచెమ్మాకి అరగదీసుకునే పిక్కలే ఇవి, పరిమాణం ఒకటే కాబట్టి తడిమి కనిపెట్టడం కష్టం. ఆడేవాడు తన వలకు తగ్గట్టు మూడు నాలుగు పిక్కలు తీస్తాడు. నల్లవి ఎన్ని వస్తే అన్ని చేపలు. తెల్లవి మళ్లీ సంచిలో వేస్తాడు. ఏడాది చివర సరస్సు పాత్ర చూసే పిల్ల మాత్రం సంచిలోకి తొంగి చూసి, ఒక పట్టిక ప్రకారం పట్టుబడిన చేపల చోటు పూడుస్తుంది. చేపలు మూడు లోపు మిగిలితే కొత్తవి పుట్టవు. నాలుగైదు ఉంటే రెండు పుడతాయి. పన్నెండు దరిదాపుల్లో ఉంటే అయిదు, ఇరవై దాటితే రెండు, నిండా ఉంటే ఏమీ పుట్టవు, తిండీ చోటూ చాలవు కాబట్టి.

ఈ పట్టికలో దాగిన లెక్క ఇది: సరస్సు ఎంత బాగున్నా ఏటా అయిదు చేపలకు మించి ఇవ్వదు. ముగ్గురు వేటగాళ్లు తలా రెండు పడితే ఆరు. తేడా ఒక్కటే, ఒక ఏడాదికి అదేమంత కనబడదు కూడా. అసలు మోసం ఇంకోచోట ఉంది. చేప తగ్గుతున్న కొద్దీ ఆటగాళ్లు డబ్బు పెట్టి పెద్ద వల కొంటారు, మూడు పిక్కలు తీసేవాడు ఆరు తీస్తాడు. చేతికి వచ్చే చేపలు అన్నే ఉంటాయి. సంచిలో మాత్రం సగానికి పడిపోయి ఉంటాయి. "పట్టుబడి తగ్గలేదు కదా" అన్న ధీమా నిజ జీవితంలో ఎంత ఖరీదైనదో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరం చెబుతుంది. శతాబ్దాలుగా కాడ్ చేపల మీద బతికిన ఆ తీరంలో 1992లో వేటను పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. పడవల పట్టుబడి లెక్కలు బాగున్నాయన్న నమ్మకం, నీళ్లలో ఎంత మిగిలిందన్న వాస్తవాన్ని చాన్నాళ్లు కప్పేసింది. డెన్నిస్ మెడోస్ రూపొందించిన ఫిష్ బ్యాంక్స్ అనే ఆట దశాబ్దాలుగా విశ్వవిద్యాలయాల్లో ఈ పాఠాన్నే చెబుతోంది. ఆడే జట్లు చాలాసార్లు సముద్రాన్ని ఖాళీ చేసి గానీ ఆగవు.

కొల్లేరులో కథ వేట దగ్గరే ఆగదు. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలను చేపల చెరువుల వైపు ప్రోత్సహించింది. కొర్రమీను, జెల్ల, మట్టగుడిస వలకు పడే నీళ్లలో కట్టలు లేచి, బొచ్చె, శీలావతి పెంపకం మొదలైంది. తవుడు, ఎరువులు వేసి పెంచిన చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్‌కూ ఈశాన్య రాష్ట్రాలకూ పోయింది. అది పెద్ద ఆదాయం, పెద్ద ఉపాధి. దాన్ని దాచిపెట్టే ఆట నిజాయితీ గలది కాదు. కాబట్టి చెరువు గడి ఏటా కచ్చితంగా డబ్బు ఇవ్వాలి, అడవి చేప కంటే ఎక్కువ ఇవ్వాలి. దాంతోపాటు ప్రతి చెరువు గడీ రెండు పనులు చేస్తుంది. సంచిలోంచి ఒక పిక్కను తీసేస్తుంది, అంటే అడవి చేపకు చోటు తగ్గుతుంది. మేత, ఎరువు మిగులుగా ఒక నల్లటి సీతాఫలం గింజను సరస్సులోకి వదులుతుంది.

ఆ గింజ వెంటనే సరస్సులో పడకూడదు. బోర్డు ఆటలకు అన్నిటికంటే కష్టమైన పని ఆలస్యాన్ని చూపించడం. పిల్లలు కారణం పక్కనే ఫలితం ఉంటుందని అనుకుంటారు, పెద్దలూ అంతే. పంచాయితీ తీర్పులన్నీ "నిన్న ఎవరేం చేశారు" మీదే నడుస్తాయి. సీతాఫలం గింజలకు మూడు గిన్నెల వరస పెడితే సరిపోతుంది. ఈ ఏటి గింజ మొదటి గిన్నెలో పడుతుంది, ఏడాదికి ఒక గిన్నె చొప్పున జరిగి మూడో ఏట సరస్సులోకి వస్తుంది. గిన్నెలు అందరికీ కనబడుతూనే ఉంటాయి, అయినా మొదటి ఆటలో ఎవరూ వాటి వంక చూడరు. సరస్సులో ఎనిమిది గింజలు చేరిన రోజు గుర్రపుడెక్క కార్డు తిరగబడుతుంది. తూటికాడ, గుర్రపుడెక్క గడులను కమ్మేస్తాయి, దోనె కదలదు, వల పడదు. అందరూ అదిరిపడి చెరువుల్లో మేత తగ్గిస్తారు. అయినా మరో రెండేళ్లు గింజలు వచ్చి పడుతూనే ఉంటాయి, ఎందుకంటే అవి ఎప్పుడో బయల్దేరాయి.

దీనికి ఇంకో మెలిక అవసరం. ఎనిమిది గింజలకు తిరగబడిన కార్డు ఏడుకు దిగగానే మళ్లీ మామూలు కాకూడదు. నాలుగుకు దిగితేనే కావాలి. లోతు తక్కువ సరస్సులు ఇలాగే ప్రవర్తిస్తాయని మార్టెన్ షెఫర్ వంటి శాస్త్రవేత్తలు 1990ల నుంచి చూపిస్తున్నారు: తేట నీటి స్థితి ఒకటి, మురికి నీటి స్థితి ఒకటి, రెండూ తమను తాము నిలబెట్టుకుంటాయి, ఒకదాని నుంచి మరొకదానికి పోయిన దారినే వెనక్కి రాలేం. ఒక పేజీ వివరణ కంటే "పోవడానికి ఎనిమిది, రావడానికి నాలుగు" అన్న నియమం దీన్ని బాగా చెబుతుంది. పిల్లలు దాన్ని అన్యాయం అంటారు. అననివ్వాలి.

ఎవరు ఎవరిగా ఆడాలి

పాత్రల దగ్గరే చాలా పర్యావరణ ఆటలు చెడిపోతాయి. ఒకడు మంచి అటవీ అధికారి, ఒకడు చెడ్డ వ్యాపారి, ఒకడు అమాయక గ్రామస్తుడు. చెడ్డవాడి పాత్ర దక్కిన పిల్ల సరదాగా చెడ్డగా ఆడుతుంది. అంతటితో పాఠం ముగుస్తుంది. కొల్లేరులో ఏ పాత్రకైనా తన కారణం తనకుంది, ఆ కారణం కార్డు మీది వాక్యంగా కాక డబ్బు అవసరంగా, అప్పుగా, వాయిదాగా ఆటగాడి చేతిలో ఉండాలి.

ముగ్గురు లంక గ్రామాల వేటగాళ్లు, ఒకరు చెరువుల యజమాని, ఒకరు ఎగువ వరి రైతు. వేటగాడికి ఏటా ఇంటి ఖర్చు ఒక చేప, అప్పు మీద వడ్డీ ఒక చేప. మంచి ఏడాది ఒకటి మిగులుతుంది, చెడ్డ ఏడాది ఒకటి తక్కువ పడుతుంది. తక్కువ పడినప్పుడు అతని ముందు ఒక దారి తెరిచి ఉంటుంది: తన వంతు గడిని చెరువు యజమానికి లీజుకు ఇవ్వడం. లీజు డబ్బు ఏటా వస్తుంది, వానతో నిమిత్తం లేదు, కూర్చుని తినవచ్చు. తిరిగి విడిపించుకోవాలంటే మాత్రం లీజుకు వచ్చినదానికి మూడింతలు కట్టాలి. కొల్లేరు చెరువుల చరిత్రలో సంఘాల పేరు మీద ఉన్న నీళ్లు పెట్టుబడి ఉన్నవాళ్ల చేతికి పోయిన తీరు ఇదే. ఆటలో ఎవరూ ఎవరినీ మోసం చేయరు. ఇద్దరూ ఇష్టపడే ఒప్పందం చేసుకుంటారు. నాలుగేళ్లు గడిచేసరికి బోర్డు మీద నీళ్లన్నీ కట్టల్లోకి పోయి ఉంటాయి. అత్యాశ అనే ఒక్క మాటతో దీన్ని తేల్చేయడం సోమరి ఆలోచన అన్నది ఈ నియమం వెనక ఉన్న అభిప్రాయం.

మరి గూడబాతు? ఆటపాక దగ్గర గూడబాతుల గుంపులను చూడటానికి జనం పడవలెక్కుతారు, అటవీ శాఖ వాటి గూళ్ల కోసం ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టింది. పిల్లలందరూ గూడబాతుగానే ఆడతామంటారు. ఇవ్వకపోవడమే మంచిది. మనిషి చేతిలో పడిన పక్షి వ్యూహాలు పన్నుతుంది, బేరాలాడుతుంది, చెరువు యజమానితో పొత్తు పెట్టుకుంటుంది. పక్షి చేసేది అది కాదు. తెరిచిన నీరు, అందులో చేప, దగ్గర్లో గూడు కట్టే చోటు ఉంటే వస్తుంది, లేకపోతే పోతుంది. కాబట్టి గూడబాతుకు ఆటగాడు ఉండడు, ఏడాది చివర చదివే రెండు వాక్యాల నియమమే ఉంటుంది. దానికి ఓటు లేదు, వంతు లేదు, గొంతు లేదు. ఆ లోటును ఆడేవాళ్లే గమనించి అడిగితే ఆట తన పని చేసినట్టు. (ఓ చిన్న చిలిపి సౌలభ్యం ఉంది: మూడు గూళ్లు నిలిస్తే ఒక వేటగాడు దోనె మీద యాత్రికులను తిప్పి డబ్బు సంపాదించవచ్చు. దీన్ని పెద్దది చేస్తే మాత్రం పర్యాటకమే సర్వరోగ నివారిణి అన్న మరో అబద్ధం తయారవుతుంది.)

ఇక గెలుపు. ఎక్కువ డబ్బున్నవాడు గెలుస్తాడంటే సరస్సు అయిదో ఏటికే చస్తుంది, పిల్లలు "మనుషులింతే" అనుకుని లేచిపోతారు. అందరూ కలిసి సరస్సును కాపాడితే అందరూ గెలిచినట్టే అంటే ఒక చురుకైన పిల్ల మిగతా నలుగురికీ ఏం చేయాలో చెబుతూ పోతుంది, ఎవరికీ సొంత చిక్కు ఉండదు. మధ్యేమార్గం ఒకటుంది: ప్రతి పాత్రకూ తన కుటుంబం గట్టెక్కే గీత వేరుగా ఉంటుంది, రహస్యంగా కూడా ఉంటుంది. పదో ఏట ఆ గీత దాటినవాళ్లందరూ గెలిచినట్టు. అయితే అప్పటికి గుర్రపుడెక్క కార్డు తిరగబడే ఉంటే ఎవరూ గెలవనట్టు. ఒకరు గెలవడానికి మరొకరు ఓడాల్సిన పని లేదు, అలాగని ఎవరి ఇల్లూ దానంతటదే గడవదు.

వాన పేక

వాతావరణ మార్పును చాలా ఆటలు ఒక్క భయంకరమైన కార్డుగా పెడతాయి: "తుపాను! అందరూ రెండు పోగొట్టుకోండి." దాంతో తుపాను అంటేనే వాతావరణ మార్పు అన్న గందరగోళం పిల్లల్లో పాతుకుపోతుంది. దీనికి పేక చాలా మంచి సాధనం. తీసిన కార్డు ఆ ఏటి వాన. పేకలో ఏ కార్డులు ఎన్ని ఉన్నాయన్నది ఆ ప్రాంతపు శీతోష్ణస్థితి. మొదట పన్నెండు కార్డులు: ఎనిమిది మామూలు వానలు, రెండు కరువులు, రెండు వరదలు. ప్రతి మూడేళ్లకోసారి రెండు మామూలు వానలు తీసేసి ఒక కరువు, ఒక వరద చేర్చాలి, ఎవరికీ చూపించకుండా. సగటు వాన మారదు. మారేది నిలకడ. మధ్య భారతంలో విస్తారంగా కురిసే కుంభవృష్టి ఘటనలు 1950 నుంచి 2015 మధ్య సుమారు మూడు రెట్లు పెరిగాయని 2017లో వెలువడిన పరిశోధన చూపింది, అదే ప్రాంతంలో మొత్తం వర్షపాతం తగ్గుముఖం పడుతుండగా. ఏడో ఏట ఎవరో ఒకరు "ఇదేంటి, వరదలు ఎక్కువ వస్తున్నాయి" అంటారు. ఇంకొకరు "అదృష్టం బాలేదు" అంటారు. ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజమో ఒక్క కార్డు చూసి చెప్పలేరు. శాస్త్రవేత్తలకూ ఉన్న చిక్కే అది.

2006లో ప్లస్ ఫైవ్ లోపలి చెరువుల కట్టలను యంత్రాలతో తెంచేశారు. ఆపరేషన్ కొల్లేరు అని ఇప్పటికీ చెప్పుకునే ఆ ఘట్టం ఆటలో లేకుండా కుదరదు, ప్రభుత్వ కార్డుగా ఆరో ఏట వస్తుంది. కట్టలు తీసేస్తారు. నీటి పూసలకు దారి దొరుకుతుంది, ఎగువ రైతు ఊపిరి పీల్చుకుంటాడు. కానీ గిన్నెల్లోని సీతాఫలం గింజలు ఎక్కడికీ పోవు. సంచిలోంచి తీసేసిన పిక్కలు ఒకేసారి వెనక్కి రావు, ఏడాదికొకటి చొప్పున వస్తాయి. లీజు మీద బతికిన వేటగాడికి ఆ ఏడాది నుంచి డబ్బు ఆగిపోతుంది, వల అమ్మేసుకుని ఉంటే మరీ కష్టం. కొట్టేయడంతో సరస్సు తిరిగి రాదనీ, కొట్టకపోతే నీరు పారదనీ రెండూ ఒకే కార్డులో ఉంటాయి. తర్వాతి ఏళ్లలో మళ్లీ కట్ట పోసుకునే వీలు కూడా నియమాల్లో ఉండాలి. కొల్లేరులో అదీ జరిగింది.

తొమ్మిదో ఏట ఒక ఓటు. అభయారణ్యం హద్దును ప్లస్ ఫైవ్ నుంచి ప్లస్ త్రీకి కుదించాలా? 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ కుదించాలనే తీర్మానం చేసింది. ఆ తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించవద్దని చెప్పింది. ఆటలో సరైన జవాబంటూ ఏదీ రాసి ఉండదు. ఎవరికి ఎన్ని ఓట్లన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడమే అసలు ఓటు కంటే ఎక్కువ వాదన పుట్టిస్తుంది. బోర్డు బయట, ఏటి పైభాగంలో ఉన్న నగరానికి ఓటు ఇవ్వాలా అని ఎవరైనా అడిగితే ఉపాధ్యాయుడు తల ఊపి ఊరుకోవడం మేలు.

తరగతి గదిలో

ఇంతవరకు చెప్పినదంతా ఒక్క పీరియడ్‌లో పట్టదు. నలభై అయిదు నిమిషాలు, నలభై మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు అన్నది లెక్క. అయిదు పాత్రలను అయిదు జట్లు చేసి నేల మీద సుద్దముక్కతో గీసిన పెద్ద పటం చుట్టూ కూర్చోబెడితే ఒక పీరియడ్‌లో అయిదేళ్లు ఆడవచ్చు, రెండో పీరియడ్‌లో మిగతా అయిదు. మొదటి రెండేళ్లు ఉప్పు, గుర్రపుడెక్క, ఓటు ఏవీ లేకుండా వాన, వల, కట్ట ఈ మూడింటితోనే ఆడించాలి. మిగతా నియమాలు అవసరం పడిన ఏడాదే ప్రవేశించాలి. ముందే పావుగంట నియమాలు చదివితే వెనక బెంచీ పిల్లలు ఆట మొదలవకముందే బయటికి పోయినట్టే. చింతపిక్కలు, పూసలు, సీతాఫలం గింజలు, సుద్దముక్క, కొన్ని అట్టముక్కలు. ఖర్చు పెద్దగా ఉండదు. రంగుల అచ్చు బోర్డు వందల రూపాయలు అయితే అది బీరువాలో తాళం కింద ఉంటుంది, ఈ రకం సామగ్రి చాలా బడుల్లో ఎలా భద్రంగా మిగిలిపోతుందో తెలిసిందే.

ఆట ముగిశాక జరిగే మాటల మీద ఆట మీద పెట్టినంత శ్రద్ధ పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లోని కరువు గ్రామాల్లో భూగర్భజలాల మీద ఆడించిన ఆట ఒకటి దీనికి దగ్గరి ఉదాహరణ. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ, రూత్ మైన్‌జెన్-డిక్ వంటి పరిశోధకులు కలిసి చేసిన ప్రయోగం అది. రైతులు ఎక్కువ నీరు తాగే పంట, తక్కువ నీరు తాగే పంట ఈ రెండింటిలో ఒకటి ఎంచుకుంటారు. పంటకు తగ్గట్టు బోర్డు మీది భూగర్భజలం తగ్గుతుంది. కొన్ని వంతులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, కొన్ని మాట్లాడుకుని ఆడతారు. తర్వాత ఊరంతా కూర్చుని చర్చ. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆట ఆడిన గ్రామాలు, అదే పథకంలో ఉండి ఆడని గ్రామాల కంటే, నీటి లెక్కల పుస్తకాలు పెట్టుకోవడం, వాడకానికి నియమాలు పెట్టుకోవడం ఎక్కువగా చేశాయి. ఆట ఒక్కటే ఆ మార్పు తెచ్చిందని అనడం కష్టం, ఆ చర్చ కూడా ఆటలో భాగమే.

కొల్లేరు ఆట తర్వాత అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. ఏ ఏడాది పరిస్థితి చేయి దాటింది? అది దాటిందని ఎప్పుడు తెలిసింది? ఆ రెండు ఏళ్ల మధ్య ఎవరేం చేశారు? "ఏం నేర్చుకున్నారు" అని అడిగితే ప్రకృతిని కాపాడాలి అని అందరూ కంఠస్థం అప్పజెబుతారు, దాని వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఆట పనిచేసిందో లేదో చూడాలంటే ఇంకో మార్గం ఉంది. ఆటకు ముందు ఒకసారి, వారం తర్వాత ఒకసారి పిల్లల చేత ఒక బొమ్మ గీయించాలి: వాన, పొలం, చెరువు కట్ట, అడవి చేప, గూడబాతు, అప్పు అని ఆరు మాటలు రాసి, ఏది దేన్ని పెంచుతుందో తగ్గిస్తుందో బాణాలు వేయమనాలి. బాణాల సంఖ్య కంటే, తిరిగి మొదటికే వచ్చే చుట్టలు ఎన్ని ఉన్నాయో చూడాలి. అప్పు నుంచి లీజుకు, లీజు నుంచి కట్టకు, కట్ట నుంచి తగ్గిన చేపకు, చేప నుంచి మళ్లీ అప్పుకు వచ్చే చుట్ట ఒక్కటి గీసినా చాలు.

చేపల రైతులతోనూ లంక గ్రామాల వేటగాళ్లతోనూ ఒకసారి ఆడించకుండా దీన్ని బడికి పంపకూడదు. లీజు రేటు తప్పు, ఆ నెలలో మేత వేయరు, ఈ చేపకు ఇక్కడ ఆ పేరు లేదు అని వాళ్లు చెప్పే సవరణలు జీవశాస్త్ర పాఠ్యపుస్తకంలో దొరకవు. కొన్ని వదిలేయాల్సి వస్తుంది కూడా. కొల్లేరు వేటలో కులం ఉంది, సంఘాల రాజకీయం ఉంది, రొయ్యల చెరువులు ఉన్నాయి, పురుగుమందుల అవశేషాలున్నాయి. అన్నీ పెడితే ఆట నడవదు. ఏవి వదిలేశామో పెట్టె మూత మీద రాసి ఉంటే ఉపాధ్యాయుడు వాటినే తర్వాతి తరగతికి వాడుకోవచ్చు.

తెలంగాణ బడికి ఈ పటం యథాతథంగా పనికిరాదు. కాకతీయుల కాలం నుంచి ఉన్న గొలుసుకట్టు చెరువులకు వామనగుంటల పద్ధతి ఇంకా బాగా అతుకుతుంది: ఎగువ చెరువు నిండితే అలుగు దూకి దిగువ చెరువులోకి. అక్కడ ఉప్పు గుర్తు అక్కర్లేదు, దాని బదులు పూడిక గుర్తు కావాలి, ఏడాదికి ఒక గుంటలో ఒక పూస చోటును తినేస్తూ. చెరువు యజమాని స్థానంలో బోరు వేసే రైతు వస్తాడు, పట్టణం దగ్గరి చెరువైతే శిఖం భూమిలో (చెరువు ముంపు నేలలో) ప్లాట్లు వేసేవాడు వస్తాడు. లీజు నియమం తీసేసి, బోరు ఎండిపోతే మరింత లోతుకు అప్పు చేసి తవ్వే నియమం పెట్టాలి. చింతపిక్కల సంచిని మాత్రం మార్చనవసరం లేదు. భూగర్భజలమూ కంటికి కనబడదు.